ముక్క పంచకముందే చెప్పాలి

రమ్మీ అందరికీ వచ్చు. చిక్కల్లా, ఎవరింటి రమ్మీ వాళ్లకే వచ్చు. సంక్రాంతికి మా ఇంట్లో దుప్పటి పరిచి నలుగురు కూర్చున్నారంటే నాలుగు ఊళ్ల చట్టాలు ఎదురెదురుగా కూర్చున్నట్టే. రెండు కట్టలు, తలా 13 ముక్కలు, జోకరు కలవని ఒరిజినల్ సీక్వెన్స్ ఒకటి ఉండి తీరాలి. ఇంతవరకూ అందరిదీ ఒకటే మాట. ఆపైన ప్రతిదానికీ పంచాయితీయే.

పంచడంతోనే మొదలు. ఒక్కో ముక్కా వరసగా తిప్పుతూ వెయ్యాలి. మా బాబాయి మూడేసి వేస్తాడు. "ఎలా వేసినా పదమూడేగా!" అంటాడు. ఆయన పంచిన ఆటలో ఎవరో ఒకరికి 14 వస్తాయి. వచ్చినవాళ్లు, ముక్కలు దరిద్రంగా ఉంటే వెంటనే కేకేస్తారు, బాగుంటే మౌనవ్రతం. అందుకే మా ఇంటి మొదటి శాసనం: ముక్కలు బోర్లా ఉండగానే లెక్కపెట్టుకోవాలి. మొహం చూశాక ఫిర్యాదులు చెల్లవు.

రెండో గండం జోకరు. కట్టలోంచి తీసిన ముక్క అచ్చు జోకరే అయితే ఆసులన్నీ జోకర్లు. ఈ సంగతి ఎవరికైనా గుర్తొచ్చేసరికి అత్తయ్య రెండు ఆసులు పారేసి ఉంటుంది. ఆవిడ తిరిగిచ్చెయ్యమంటుంది, ఎత్తుకున్న బావగారు ససేమిరా అంటారు. ఈలోగా రాజు, ఆసు, రెండు కలిపి మా తమ్ముడు సీక్వెన్స్ పరిచేస్తాడు. ఆసు రెండు పక్కల చుట్టమే, రాణీ రాజుల పక్కనా ఉంటుంది, రెండు మూడుల పక్కనా ఉంటుంది. కానీ ఒకే పంక్తిలో ఇద్దరికీ వియ్యం కలపదు. వాడికది రాంగ్ షో, 80.

ఇక డబ్బులు. మేమాడేది 101. మొదట్లోనే డ్రాప్ అయితే 20, మధ్యలో 40, ఫుల్ కౌంట్ 80. పందెం తలకు 10 రూపాయలు. పట్టింపు మాత్రం పదెకరాల పొలానికి సరిపడా. అసలు 'మొదట్లో' అంటే ఎప్పటిదాకా? మా మరదలు కట్టలోంచి ఒక ముక్క ఎత్తి, చూసి, మొహం ముడిచి, "బావా, నాకు 20 రాసెయ్" అంటుంది. ఎత్తాక 40 అంటే, "చూశాను గానీ ఆడలేదుగా!" అంటుంది. 101 దాటినవాళ్లు మళ్లీ పందెం కట్టి, మిగిలినవాళ్లలో పెద్ద స్కోరుకి ఒకటి కలుపుకుని కూర్చోవచ్చు. ఆ పెద్ద స్కోరు 79 దాటితే లేచి వెళ్లాల్సిందే. కొత్తల్లుడికి మాత్రం ఈ రూలు వర్తించదు. పండగపూట అల్లుణ్ణి లేపడానికి వాళ్ల అత్తగారు ఒప్పుకోదు.

1967లో సికింద్రాబాదు క్లబ్బు ఒకదాని కేసులో సుప్రీంకోర్టు రమ్మీ ప్రధానంగా నేర్పుతో ఆడే ఆటేనంది. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి అని కారణం చెప్పింది. మా ఇంట్లో పడిన ముక్కలు ఎవరికీ గుర్తుండవు. నిరుటి పండక్కి ఎవరు ఎవరికి 20 రూపాయలు బాకీయో మాత్రం ఇంటిల్లిపాదికీ గుర్తే. ఆట నడిపేవాళ్లు దాని మీద లాభం గుంజితే నేరం కావచ్చని కూడా ఆ తీర్పులో ఉంది. ముక్కలకీ సదుపాయాలకీ తీసుకునే రుసుము దాని కిందికి రాదట. ప్రతి పందెంలోంచీ పకోడీల ఖర్చు తీసే మా పిన్ని ధైర్యమంతా ఆ రుసుము మీదే.

ఇన్ని తగాదాలకీ మందు ఒకటే. రూలు ఏదైనా ఫరవాలేదు, ముక్క పంచకముందే చెప్పాలి. చేతిలో ముక్కలు పడ్డాక ప్రతివాడూ ప్లీడరే. మొన్న పండక్కి స్కోరు పుస్తకం మొదటి పేజీలో రూల్సన్నీ రాసి, అందరిచేతా సంతకాలు పెట్టించాం. ఇప్పుడు రూల్స్ మీద గొడవ లేదు. బావగారి దస్తూరీ మీద ఉంది. ఆయన రాసింది 20యా, 29యా అని.

దాంతో స్కోరు రాసే పని నాకు అప్పగించారు. రాసేవాళ్లు ఆడకూడదని కొత్త రూలు కూడా పెట్టారు. అప్పట్నుంచీ నేను ఒక్క ఆటా ఓడలేదు.