వెక్టరు మాహాత్మ్యము

సూరతు నగరమున రింగు రోడ్డు వస్త్రవిపణుల వెనుక సందులలోను, లింబాయతు, ఉధనా ప్రాంతముల మేడమెట్ల క్రిందను, కంప్యూటరొకటి, కుర్చీలు రెండు, తెర ముందు కన్నులు చికిలించుకొని కూర్చున్న కుర్రవాడొకడు గల గదులు అనేకము కలవు. వానికి డిజైను స్టూడియోలని పేరు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి మరమగ్గముల పనికై వలసవచ్చి, నగరపాలకసంస్థ తెలుగు బడులు సైతము నడుపవలసినంతగా ఇచ్చట వేరూనిన మన పద్మశాలీల బిడ్డలు, తాతల చేతి నాడెను విడిచి మౌసును పట్టినవారు, ఈ గదులలో పెక్కురు. అట్టి గదిలోనికి మన వైపు చీరల వర్తకుడొకడు విజయము చేసి, ఎవరో యెవరికో పంపగా, వారు మరియొకరికి పంపగా, వాట్సాపు గుండ పదిచేతులు మారి, మారినప్పుడెల్ల కొంత కొంత కరిగి, తుదకు నెమలియో మామిడిపిందెయో తేల్చుకొనరాని స్థితికి వచ్చిన గోరంత బొమ్మను ఫోనులో చూపును.

“గిది జర వెక్టర్ చేసియ్యి తమ్మీ. ఐదు నిమిషాల పనేనాయె.”

“ఇండ్ల ఏం కనిపిస్తలేదన్నా.”

“అందుకే గదా వెక్టర్ చెయ్యమనేది. చేస్తే కనిపిస్తది.”

ఈ తుదివాక్యమునందు ఒక దర్శనమే ఇమిడియున్నది. పిక్సెలు చిత్రమనగా గళ్లకాగితము; గడికొక రంగు నిండియుండును; అంతకుమించి దానికేమియు తెలియదు. వెక్టరు చిత్రమనగా ఆజ్ఞాపత్రము. ఈ బిందువున బయలుదేరి, ఇటు వంగి, ఆ బిందువును చేరుమని అందు వ్రాసియుండును గాన, ఆ యాజ్ఞను రవికెముక్కపై పాలించినను, నాలుగంతస్తుల ప్రకటనఫలకముపై పాలించినను గీత చెదరదు. ఫ్రాన్సు దేశమున 1959లో సిట్రోయెను సంస్థయందు ద కాస్తెల్జో యను గణితజ్ఞుడును, పిమ్మట 1960 దశకమున రెనో సంస్థయందు పియెర్ బెజియే యను ఇంజనీరును, కార్ల రేకుల వంపులను అంకెలలో బంధించుటకై సాధించిన వక్రరేఖలే నేటి కోరెల్‌డ్రా, ఇల్లస్ట్రేటరు అను బొమ్మలు గీయు సాఫ్ట్‌వేరులకు ప్రాణము. అయితే వారిరువురును తమకు కావలసిన వంపేదో ముందెరిగి పిదప దానికి లెక్క కట్టిరి. మన వర్తకుడన్ననో, లెక్క కట్టించినచో వంపు దానంతట అదియే తెలియవచ్చునని విశ్వసించినవాడు. వెక్టరు బొమ్మ పెంచినను చెడదు; నా బొమ్మ చెడియున్నది; కావున దానిని వెక్టరు చేసినచో బాగుపడును: ఇది ఆయన యనుమానప్రమాణము. న్యాయసూత్రములయందు గౌతమమహర్షి హేత్వాభాసములు ఐదేయని లెక్కించిపోయెను గాని, ఆరవదాని కొరకు సూరతు వచ్చి చూడవలసియుండెను. పెంచినను చెడని గుణము చెడినదానికి అబ్బినచో జరుగునది యొక్కటే: ఆ చెడుపు ఇకమీదట ఎంత పెంచినను చెక్కుచెదరదు.

పిక్సెలు బొమ్మను వెక్టరుగా మార్చు ట్రేసు అను మీట నొక్కగా లోపల నేమి జరుగుచున్నదో యెరిగినవారికి ఇందు ఆశ్చర్యము తోపదు. ఇల్లస్ట్రేటరులోనిదైనను, కోరెలులోనిదైనను, 2001లో పీటర్ సెలింగరు రచించి లోకమునకు ఉచితముగా ఒసగిన పోట్రేసు అయినను, స్థూలముగా చేయునది యొక్కటే. రంగు మారినచోట హద్దు కలదని భావించి, ఆ హద్దు వెంబడి నడచి, నడచిన దారికి వక్రరేఖలను తొడుగును. తెల్లకాగితముపై నల్లసిరాతో స్పష్టముగా గీచిన ముగ్గునో ముద్రనో ఇచ్చినచో ఈ పనిని అది నిజముగనే చక్కగా చేయును. దానిని నిందించువాడను కాను. కాని అది హద్దునే యెరుగును, ముక్కునెరుగదు, రెక్కనెరుగదు. జెపెగు విధానము బొమ్మను ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్ల చదరములుగా కోసి కుదించునప్పుడు అంచుల వెంబడి లేచు దుమ్మువంటి మచ్చలు కలవు గదా, ఆ మచ్చలన్నియు దానికి హద్దులే. ఒక్కొక్క మచ్చ చుట్టును అది భక్తిశ్రద్ధలతో ప్రదక్షిణము చేసి, నోడ్లు అను బిందువులు పాతి, ఒక్కొక్క ద్వీపమును ప్రతిష్ఠించును. మనిషి నాలుగు నోడ్లతో ముగించు వృత్తమునకు అది నలువది పాతును; పాతి, వృత్తము మాత్రము గీయదు.

ఇందులకు మన జాతీయపతాకమునకంటె చక్కని నిదర్శనము దొరకదు. 2021 డిసెంబరు 30న పతాకనియమావళిని సవరించి, పాలియెస్టరు గుడ్డతో యంత్రములపై చేసిన జెండాలకును అనుమతి ఇచ్చిన పిదప, 2022 ఆగస్టులో ఇంటింట జెండా యెగురవేయుడన్న పిలుపు రాగా, సూరతు మిల్లులు చీరలను ప్రక్కకు నెట్టి జెండాలను అచ్చొత్తినవి. 1921లో బెజవాడ కాంగ్రెసు సభలయందు గాంధీగారికి పతాకమును చూపిన పింగళి వెంకయ్యగారిని తోటివారు పత్తి వెంకయ్య యనియు, వజ్రాల వెంకయ్య యనియు పిలిచెడివారు. గుడ్డయు వజ్రమును తప్ప మూడవ మాట ఆడని ఈ నగరమునకు ఆయన ముందుగనే తగిన పేర్లు పెట్టించుకొనెనని నాకొక చిన్న ముచ్చట. అది యట్లుండనిండు. 1947 జూలై 22న రాజ్యాంగసభ ఆమోదించిన పతాకమునందలి చక్రమునకు ఆకులు 24. ఆకుకును ఆకుకును నడుమ 15 డిగ్రీలు. అనగా, దానికి ఫొటోతో పనిలేదు; కొలత చెప్పినచో చాలును, ఆ కొలతయే వెక్టరు. అయినను చక్రము కావలసినవాడు కొలత తేడు, ఫోనులోని బొమ్మను తెచ్చును. ఆ బొమ్మలో చక్రపు వ్యాసము 60 పిక్సెళ్లనుకొందము. చుట్టుకొలత సుమారు 188. దానిని 24 ఆకులకును 24 సందులకును పంచినచో అంచు వద్దనే తలకు నాలుగు నిండవు. నడిమి బొడ్డును సమీపించుకొలది ఒకటియు మిగులక, ఆకులన్నియు కరిగి నీలిముద్దయగును. ఈ ముద్దను మీట నొక్కి శాశ్వతము గావించి, దానిని ఎంత పెద్ద గుడ్డపైనైనను నిర్దోషముగా అచ్చొత్తవచ్చునని హామీ యిత్తురు. హామీ నిజమే, ముద్ద యెంత పెంచినను ముద్దగనే యుండును.

తెలుగు లిపికి ఈ మీట చేయు సేవ వేరొక తీరు. ప, స, హ మొదలగు అక్షరములకు తలకట్టు ఒడలితో కలియక విడిగా నిలుచునని మనకు తెలియును, యంత్రమునకు తెలియదు. దుమ్మును ఏరివేయుటకై యందు ఒక కొలత అమర్చబడియున్నది. ఇన్ని పిక్సెళ్లకు లోపడిన మచ్చను లెక్కచేయవలదని దాని భావము. రవికెముక్కల సంచిపై “పసుపు కుంకుమ” అని వేయదలచి చిన్నబొమ్మను ట్రేసు చేయించినచో, పసుపులోని మూడక్షరములకు మూడు తలకట్లును దుమ్ములో కలిసిపోవును. సుమంగళులకు పంచు సంచిపై పసుపు బోడితలలతో వెలయుట ఎంతటి శుభమో పెండ్లివారే తేల్చుకొనవలెను. సంచిని అచ్చువేయు పనివానికి తెలుగు రాకున్న, అతనిని తప్పుపట్టుటకును వీలులేదు.

పోచంపల్లి చీర సంగతి యింకను వింత. నూలును ముందు లెక్కప్రకారము కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టి, ఆపై మగ్గమున కెక్కించుటచేత, రంగు దారము వెంట ఇంత ప్రాకి, దారము దారముతో ఇంత జరిగి, ఆ యంచు ఈకవలె చెదరియుండును; ఆ చెదరుటయే దాని కులము, దానిని చూచియే గదా 2005లో దానికి భౌగోళికగుర్తింపు దక్కినది. మన వర్తకుడు అట్టి చీరను ఫొటో తీసి తెచ్చి సూరతు పాలియెస్టరుపై దించుమనును. మీటకు చెదరిన యంచు లోపముగా తోచును గాన, ఈకలను మెట్లుమెట్లుగా నరికి, చుట్టును కత్తిరించిన కాగితపుముక్కవలె నిలుపును. నల్లగొండ సీమలో తాత చిటికి కట్టి నేసిన చీరయంచును, మనుమడు సూరతులో తెర ముందు కూర్చుండి, “ఇంక సాఫ్ రావాలె” అను ఆ వర్తకుడగు సేఠుగారి యాజ్ఞకు బద్ధుడై చెరిపివేయును. చెరిపినదానిని మరల పోచంపల్లి ప్రింటని మన యూళ్లకే పంపుదురు.

ఇంతటి తపస్సుచేత వెక్టరత్వమును పొందిన బొమ్మ తరువాత ఏ లోకమును చేరునో గమనింపదగినది. డిజిటల్ ప్రింటు యంత్రమునకు పోయినచో, దాని ముందున్న రిప్ అను సాఫ్ట్‌వేరు గీతలన్నిటిని మరల చుక్కలుగా మార్చి, సిరాబొట్లుగా చిమ్మించును. ఎంబ్రాయిడరీకి పోయినచో, పంచింగు చేయువాడు దానిని కుట్లుగా విడగొట్టును. తజిమా డీఎస్‌టీ ఫైలులో కుట్టు కొలత మిల్లీమీటరులో పదవవంతు అడుగులే గాని వంపులు లేవు. జకార్డు మగ్గమునకు పోయినచో చెప్పనక్కరయే లేదు. పడుగుపోగు లేచినదా, లేవలేదా యన్న రెండు మాటలే అచ్చట చెల్లును. వస్త్రమే మొదటినుండి గళ్లకాగితమని నేతగాని యింట పుట్టిన శిశువుకును తెలియును గాని, “వెక్టరు ఫైలే కావలె” అని పట్టుబట్టు మన వర్తకునకు తెలియదు. ఆయన పట్టుదలకు తగిన మంత్రమును స్టూడియోలవారును కనిపెట్టినారు: జెపెగు బొమ్మను కోరెల్‌డ్రాలో తెరచి, వ్రేలైనను కదపక, సీడీఆర్ అను పేరుతో భద్రపరచి ఇచ్చుట. లోపలి గళ్లు లోపలనే యుండును, పైకొస మాత్రము మారును. సేఠుగారు ఫైలు పేరు తుదిని మూడక్షరములు చూచి తృప్తిపడి వెళ్లుదురు. ఈ మోసమును నేను ఖండింపను. అడిగినది అడిగినట్లు ఇచ్చుట వ్యాపారధర్మము.

ఇక ఆ మోసమునకు మనసొప్పని కుర్రవాడున్నాడు. అతడు సేఠుగారు వెళ్లినపిమ్మట మీటవైపు చూడక, మసకబొమ్మను అడుగున పరచి, పెన్ టూలు పట్టి, నెమలి మెడ యెట్లు వంగునో, పింఛములో కన్నెచ్చట కూర్చుండునో తన బుద్ధిలోనుండి తీసి, రాత్రి ప్రొద్దుపోవువరకు గీతగీతగా క్రొత్తబొమ్మను గీయును. ఫొటోలో లేనిదంతయు అతడిచ్చినదే. మరునాడు సేఠుగారు దానిని చూచి, “చూసినవా, వెక్టర్ చేస్తే ఎంత మంచిగొచ్చిందో! నువ్వేమో కనిపిస్తలేదంటివి” అని, ఐదు నిమిషముల పనికి తగిన రొక్కము బల్లపై పెట్టి, ఫైలు పెన్‌డ్రైవులో వేయుమందురు. ప్రశంస మీటకు, కూలి మీటకు, కన్నులమంట కుర్రవానికి. పైగా ఆ బొమ్మ బాగుగా వచ్చుటచేతనే మీటయందు సేఠుగారి భక్తి రెట్టింపై, ఈసారి అంతకంటె మసకబారినదానిని తెత్తురు.

కావున స్టూడియోలవారికి నాదొక మనవి. మీ గోడమీద రెండు ధరలు వ్రాయించుడు: మీట నొక్కుటకు ఇంత, గీచుటకు ఇంత. సేఠుగారు మొదటిది కోరినచో, వారి యెదుటనే మీట నొక్కి, వచ్చినదానిపై జాలిపడి రాత్రి మేలుకొని సరిదిద్దెడి దురలవాటును మానుకొని, ఆ ద్వీపములతోను, ఆ ముద్దలతోను, యథాతథముగా వెయ్యి చీరలకు సరిపడు ఫైలు వారిచేతనే మిల్లుకు పంపించుడు. సరుకు మిగిలిపోయి సేఠుగారు నష్టపోవుదురేమో యని మీరు బెంగపడవలదు. దానికి “మోడరన్ ఆర్టు” అని పేరుపెట్టి, మీటరుకు రెండు రూపాయలు పెంచి అమ్మగల నేర్పు వారికి మీ సాఫ్ట్‌వేరు నేర్పినది కాదు.