ఏం పోయింది మాస్టారూ?

నెమ్మదిగా నడిస్తే రాత దానంతట అదే వస్తుందని బెంగుళూరు నుంచి మా అమ్మాయి చెప్పింది. ఫోన్ ఇంట్లో పడేసి, అడుగు అడుగూ గమనించుకుంటూ, చెట్టునూ పిట్టనూ చూసుకుంటూ, ఏ పనీ పెట్టుకోకుండా నడవాలట. మైండ్‌ఫుల్ వాకింగ్ అంటారట. వియత్నాం బౌద్ధ గురువు తిక్ న్యాట్ హాన్ దీని మీద పుస్తకాలే రాశాడు. రాస్తాడు. ఆయన మా నకరికల్లులో నడవలేదుగా.

పది రోజులుగా సాగర్ కుడికాలవ కట్ట మీద ప్రయత్నిస్తున్నాను. రెండు నిమిషాలకో మోటారు సైకిల్ ఆగుతుంది.

"ఎక్కండి మాస్టారూ."

"వద్దయ్యా, నడుస్తున్నా."

"యాడికి?"

"ఎక్కడికీ లేదు."

అంతే, బండి స్టాండు వేసి దిగుతాడు. గొంతు తగ్గించి, "ఇంట్లో ఏమన్నా అన్నారా?" అంటాడు.

చేతులు ఊపుకుంటూ గబగబా పోతే ఈ బాధ లేదు. షుగరు అనుకుని దారిస్తారు. షుగరంటే మా ఊళ్ళో గౌరవం. నేలచూపులు చూస్తూ నింపాదిగా నడిచేవాడి సంగతి వేరు. వాడిదేదో పోయింది.

"ఏం పోయింది మాస్టారూ?"

మూడో రోజు విసుగొచ్చి, "తాళంచెవి" అన్నాను. అడిగినవాడు వెంటనే వంగి గడ్డి తప్పించి వెతకడం మొదలుపెట్టాడు. మిరప కోతలకు పోయే ఆడకూలీల ఆటో ఆగింది. "ఇనపదా, ఇత్తడిదా?" అంది ఒకామె. ఇత్తడిదన్నాను. "గుర్తేమన్నా ఉందా?" ఎర్రదారం కట్టి ఉంటుందన్నాను. ఆ దారం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలీదు. ముప్ఫయ్యేళ్ళుగా కథ రాద్దామని కూర్చుంటే రాని వర్ణన కాలవ గట్టున ఊడిపడింది. అమ్మాయి చెప్పింది నిజమే కాబోలు.

మధ్యాహ్నానికి టీ కొట్టు దగ్గర అది బీరువా తాళంచెవి అయింది. సాయంత్రానికి బీరువాలోకి బంగారం వచ్చింది. రాత్రి అన్నం వడ్డిస్తూ మా ఆవిడ నిదానంగా అడిగింది, "మనకి బంగారం ఎక్కడిది?" అని. ఆ వడ్డనలో నెయ్యి రాలేదు.

ఐదో రోజు ఒకాయన తాళంచెవి పట్టుకొచ్చాడు. "దీనికి దారం లేదు గదయ్యా" అన్నాను. "ఊడిపోయుంటది లెండి" అని చేతిలో పెట్టి పోయాడు. ఏడో రోజు రెండోది వచ్చింది. దీనికి ఎర్రదారం ఉంది! నాకు చెమటలు పట్టాయి. దొంగచాటుగా మా బీరువాకి పెట్టి చూశాను కూడా. తిరగలేదు. మూడోది తాళంకప్పతో సహా వచ్చింది.

మా మండలంలోనే చేజర్లలో కపోతేశ్వరుడి గుడి ఉంది. వెనకభాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. ఒకప్పుడది బౌద్ధుల చైత్యమట. నడుస్తూ ధ్యానం చేయడం భిక్షువులకు అలవాటే, చంక్రమణం అంటారు. అంటే బెంగుళూరు నుంచి నాకొచ్చిన విద్య ఏనాడో మా పొలిమేరలు తొక్కి పోయే ఉంటుంది. వాళ్ళ దగ్గర కూడా ఎవరో ఎడ్లబండి ఆపి "ఏం పోయింది సామీ?" అనే ఉంటారు. బౌద్ధం ఇక్కడ ఎందుకు నిలవలేదో పండితులు రకరకాలుగా చెబుతారు. నా అనుమానం నాకుంది.

ఈ కాలవలోకి కృష్ణ నీళ్ళు 1967లో వచ్చాయి. గోదావరిని కూడా తెచ్చి కలుపుతామని 2018లో మా నకరికల్లులోనే శంకుస్థాపన చేశారు. ఆవిడింకా దారిలోనే ఉంది. ఆవిణ్ణి మాత్రం బండెక్కమనే నాథుడు లేడు.

ఒకడు మటుకు ఎన్నిసార్లు వద్దన్నా రోజూ ఆగుతాడు. నా దగ్గర చదువుకున్నవాడే. నిన్న కసిరాను, "నేను నడవకూడదా ఏందిరా?" అని. వాడు నవ్వి, "మేం నడిచాం గదా మాస్టారూ, చాల్లే ఎక్కండి" అన్నాడు.

వాడు బడికి ఈ కట్ట మీదే వచ్చేవాడు. నేను స్కూటరు మీద వాణ్ణి దాటుకుని ముందు చేరి, గంట కొట్టించి, ఆలస్యమయిందని వాణ్ణి గుమ్మం బయట నిలబెట్టేవాణ్ణి. ఎండలో. ఒక్కనాడైనా స్కూటరు ఆపానా అని రాత్రంతా గుర్తు చేసుకున్నాను. ఆపలేదు.

ఇవాళ బండెక్కాను.

కాలవ కట్ట మీద తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళు ఎవరన్నా ఉంటే చెప్పండి, మూడు నా దగ్గరున్నాయి. నడిచి రావద్దు. కబురు పెడితే స్కూటరు మీద నేనే తెచ్చిస్తాను.