హ్యాండోవర్ సూత్రం – టీకా తాత్పర్య సహితం

మూలం: “చార్జి హ్యాండోవర్ చేసితిని, చార్జి టేకోవర్ చేసుకొంటిని.”

అవతారిక: భద్రాచలం ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాల ప్రధానోపాధ్యాయుడికి బదిలీ అయినప్పుడు, పూర్వార్ధం కింద వెళ్లేవారూ ఉత్తరార్ధం కింద వచ్చేవారూ సంతకం చేసే వాక్యమిది.

ప్రతిపదార్థం: చార్జి = పదవీ బాధ్యతయు, దాని వెంట వచ్చు బీరువా తాళాలు, స్టాకు రిజిస్టరు, కంచాలు, దుప్పట్లు, ‘పనిచేయదు’ అని ఎర్రసిరాతో రాసిన నీళ్ల మోటారును; హ్యాండోవర్ చేసితిని = లెక్క చూపి అప్పగించితిని; టేకోవర్ చేసుకొంటిని = సరిచూసుకొని స్వాధీనపరచుకొంటిని. ఇందు సరిచూసుకోవడం అధ్యాహారం, అనగా మూలంలో కనబడకపోయినా చదువరి తెచ్చి కలుపుకోవలసినది.

టీక: ఇది దానం కాదు. తన స్వత్వాన్ని, అంటే సొంతదారు హక్కును, వదులుకొని ఎదుటివాడికి కలిగించడమే దానమనీ, పుచ్చుకొనేవాడే సంప్రదానమనీ శాస్త్రం. చాకలికి బట్టలు వేసినంత మాత్రాన అవి చాకలివి కానట్లే, కంచాలు ప్రధానోపాధ్యాయుడివీ కావు కనుక ఇక్కడ చేతులు మారేది స్వాధీనమే గాని స్వత్వం కాదు.

విశేషం: ఈ క్రియకు భద్రాచలం సీమను మించిన లక్ష్యం, అంటే ఉదాహరణ, దొరకదు. 1860లో నిజాం ఇంగ్లీషువారికి వదలగా సెంట్రల్ ప్రావిన్సెస్‌లో చేరిన ఈ సీమ, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు, 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మానికి మారింది. 2014లో పోలవరం ముంపు కారణంగా పట్టణం మినహా చుట్టుపక్కల ఊళ్లూ, చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం మండలాలూ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లగా, రాములవారి గుడి తెలంగాణలోనూ, గుడి భూములున్న పురుషోత్తపట్నం అవతలి రాష్ట్రంలోనూ మిగిలాయి. ఇన్నిసార్లు కర్త మారినా, సంప్రదానం మారినా, కర్మ మాత్రం గోదావరి ఒడ్డున ఉన్నచోటనే ఉండి, ఏ కాగితం మీదా సంతకం చేయలేదు.

అపవాదం: అపవాదమంటే సామాన్య సూత్రాన్ని అడ్డుకొనే విశేష సూత్రం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలను సవరించి 1970లో వచ్చినదీ, జనం వాడుకలో ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అయినదీ అటువంటిది. ఏజెన్సీలోని భూమిని గిరిజనుడికో, గిరిజనుల సహకార సంఘానికో తప్ప మరొకరికి అప్పగిస్తే, ఇచ్చినవాడు ఎవరైనా, ఆ అప్పగింత చెల్లదు. తెల్లకాగితం మీద రాసుకొని అమ్మకానికి కౌలనో తాకట్టనో పేరు పెట్టినా అవీ బదలాయింపులోకే వస్తాయి. గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చినదేనని మొదట భావించాలి; కాదని రుజువు చేయవలసిన భారం ఆ చేతిదే.

తాత్పర్యం: ఇచ్చేవాడి చేయి ఖాళీ అయి పుచ్చుకొనేవాడి చేయి నిండినంత మాత్రాన హ్యాండోవర్ పూర్తి కాదు. ఇతడికి ఇచ్చే హక్కు ఉన్నదా, అతడికి పుచ్చుకొనే అర్హత ఉన్నదా అన్న రెండు ప్రశ్నలకూ జవాబు దొరకాలి. కోయలూ కొండరెడ్లూ సాగుచేసుకొనే నేల విషయంలో రెండో ప్రశ్ననే ముందుగా అడగాలని భావం.