పిల్లర్లు కోఠీకి, ప్రగతి కోకాపేటకి

సెమినార్లలో ఈమధ్య బాగా చెల్లుబాటవుతున్న మంత్రం టీఓడీ. విప్పితే ట్రాన్సిట్ ఓరియంటెడ్ డెవలప్‌మెంట్. స్టేషన్ కట్టాలి, దాని చుట్టూ నడిచి వెళ్లే దూరంలో ఇళ్లు, ఆఫీసులు, కొట్లు దట్టంగా రావాలి, జనం కార్లు ఇంట్లో పెట్టి రైలెక్కాలి, కళతప్పిన పాత నగరకేంద్రం మళ్లీ కళకళలాడాలి. ఇదీ ఫలశ్రుతి. కేంద్రం 2017లో దీనికో జాతీయ విధానం ప్రకటించి, స్టేషన్ చుట్టూ 500 నుంచి 800 మీటర్లు అని కొలత కూడా ఇచ్చింది. ఆ ఏడాది నవంబరులోనే హైదరాబాద్ మెట్రో మొదలైంది. ముహూర్తం ఇంత బలంగా కుదిరాక కోఠీ, ఆబిడ్స్, సుల్తాన్ బజార్ వెలిగిపోవడమే తరువాయి.

ఆ వెలుగు చూడాలంటే సుల్తాన్ బజార్ స్టేషన్‌లో దిగండి. పైన అంతా అద్దంలా ఉంటుంది. చివరి మెట్టు దిగి కాలు కింద పెట్టారో, మీ ప్రాణానికి మీరే పూచీ. ఫుట్‌పాత్ ఉండాల్సిన చోట స్కూటర్లు, స్కూటర్ల మధ్య గాజుల బండి, బండి పక్కన ట్రాన్స్‌ఫార్మర్. రెండు చేతుల్లో చీరల సంచులతో ఒక పెద్దావిడ రోడ్డు దాటాలని చూస్తుంటుంది. ఆటో వచ్చి ఆగుతుంది. "దగ్గరే కదా బాబూ" అంటుంది ఆవిడ. "దగ్గరే అమ్మా, అందుకే ఎనభై" అంటాడు అతను. రైలులో వచ్చినంత దూరానికీ అంత కాలేదు ఆవిడకి. ఈ ఇరుకు వీధిలోంచి లైను వద్దని వ్యాపారులు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. అభివృద్ధికి అడ్డుపడుతున్నారని వాళ్ల మీద నింద వేశారు. పిల్లర్లు వచ్చాయి, 2020 ఫిబ్రవరిలో రైలూ వచ్చింది. అభివృద్ధి ఇంకా ఆటో బేరంలోనే ఉంది.

అసలు అభివృద్ధి ఎక్కడ దిగిందో చెబుతాను. నగర శివార్లలోని కోకాపేటలో దిగింది. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం 100.75 కోట్లు పలికింది. మెట్రో స్టేషన్ ఉందా అంటే, లేదు. ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. నగరమంతటా రైలు తిప్పి, ఆకాశాన్నంటే టవర్లను మాత్రం రైలు లేని చోట మొలిపించిన ఘనత ప్రపంచంలో ఇంకెవరికైనా దక్కిందేమో నాకు తెలియదు.

ఇది విధిలిఖితం కాదు, జీవోలో రాసిందే. మిగతా ఊళ్లలో టీఓడీ అనగానే స్టేషన్ పక్కన స్థలానికి ఎఫ్‌ఎస్‌ఐ పెంచుతారు, అంటే అదే జాగాలో ఇంకొన్ని అంతస్తులు కట్టుకోనిస్తారు. మనం ఆ పరిమితినే 2006లో 86వ నంబరు జీవోతో ఎత్తేశాం. ఎక్కడైనా ఎన్ని అంతస్తులైనా! అన్‌లిమిటెడ్ భోజనం పెట్టే హోటల్లో "కిటికీ పక్కన కూర్చున్నవారికి రెండోసారి అన్నం ఉచితం" అని బోర్డు పెడితే ఎవడు కదులుతాడు? ఇక మన దగ్గర భవనం ఎత్తుకు మిగిలిన హద్దల్లా ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన ఖాళీ. వంద అడుగుల రోడ్డూ, పదెకరాల ప్లాటూ ఉన్నవాడికి ఆకాశమే హద్దు. కోఠీ గల్లీలో నూట యాభై గజాల కొట్టున్నవాడి నెత్తిన రైలు తిరుగుతున్నా వాడికి కలిసొచ్చేది రైలు చప్పుడే.

అసలు మనవాళ్ల మనసు మొదటినుంచీ రైలు మీద లేదు, నేల మీదే ఉంది. 2008లో మేటాస్ అనే సంస్థ ముందుకొచ్చి, మెట్రో కట్టడానికి సాయం అక్కర్లేదు, మేమే ప్రభుత్వానికి 30,311 కోట్లు ఎదురిస్తామంది. రైలు నడిపి ఎదురు డబ్బిచ్చేవాణ్ని చూసి అనుమానం రాకపోగా మనకి ఆనందం పొంగింది. ఢిల్లీ మెట్రో శ్రీధరన్ ఒక్కడే, 296 ఎకరాల విలువైన భూమి ఇలా అప్పజెప్పడమేమిటని ప్రణాళికా సంఘానికి లేఖ రాశాడు. క్షమాపణ చెప్పమని ప్రభుత్వం ఆయన మీదే కళ్లెర్రజేసింది. కొన్ని నెలలకే మేటాస్‌తో ముడిపడిన సత్యం కుంభకోణం బయటపడి, 2009లో ఆ ఒప్పందం చెత్తబుట్టకెళ్లింది. క్షమాపణ ఎవరు ఎవరికి చెప్పాలో ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. ఈసారి 269 ఎకరాలు, 185 లక్షల చదరపు అడుగుల కట్టడాలకు అనుమతి. ఆదాయంలో దాదాపు సగం అద్దెల మీదే వస్తుందని లెక్క కట్టారు. పంజాగుట్టలో, ఎర్రమంజిల్‌లో, మూసారాంబాగ్‌లో మాల్స్ లేచాయి. కోఠీలో కొనాల్సినవాణ్ని దారిలోనే దించి ఏసీలో కూర్చోబెట్టడం నగరకేంద్రం పునరుజ్జీవనం అవుతుందని ఎవరు చెప్పారో గానీ, గట్టిగానే నమ్మించారు. ఆ అద్దెల లెక్కా తప్పింది. 2025 మే నెలలో కనీస టికెట్ 10 నుంచి 11కి, గరిష్ఠం 60 నుంచి 69కి చేరింది. అదే ఏడాది సెప్టెంబరులో సంస్థ తప్పుకుంటానంది, ప్రభుత్వం తీసుకుంటానంది. అప్పు సుమారు 13,000 కోట్లు, వాటాకు మరో 2,000 కోట్లు.

రైలుది తప్పు కాదు. రోజుకు నాలుగు లక్షల మందికి పైగా మోస్తోంది, పాపం. పాతబస్తీ వాళ్లకి ఆ భాగ్యమూ లేదు. మొదటి ప్లానులోనే ఉన్న ఎంజీబీఎస్, ఫలక్‌నుమా మధ్య అయిదున్నర కిలోమీటర్లకు శంకుస్థాపన జరిగింది 2024 మార్చిలో.

రెండో దశ మ్యాపులు ఇప్పుడు మళ్లీ రంగురంగుల్లో వస్తున్నాయి. ఓటడగడానికి వచ్చిన నాయకుడు ఆ మ్యాపు విప్పితే గొడవపడకండి. ఆయన్ని సుల్తాన్ బజార్ స్టేషన్‌కి తీసుకెళ్లి, కోఠీ దాకా ఫుట్‌పాత్ దిగకుండా నడవమనండి. నడవగలిగితే ఓటెయ్యండి.