ఎర్రపురుగుకు ఉద్యోగం ఇప్పించండి

కాలుష్య నియంత్రణ మండలి పెద్దలకు,

అయ్యా! చిత్తూరు నీవా వంతెన కింద, తిరుపతి పక్కన స్వర్ణముఖి మురుగు మడుగుల్లో కాపురముండే ఒక జీవిని మీ శాఖలోకి తీసుకోమని మనవి. చేపల తొట్టెలకు మేతగా అమ్ముతారే, ఆ ఎర్రపురుగు. దోమలా ఉండి కుట్టని కైరోనమస్ అనే కీటకం పిల్ల. రంగు చూసి ఏ పార్టీనో అంటగట్టకండి. గాలాడని బురదలో బతకడానికి ఒంట్లో హీమోగ్లోబిన్ పెట్టుకుంది, అంతే.

మీ సిబ్బంది సీసాలో నీళ్లు పట్టుకెళ్తారు. సీసాకు తెలిసేది ఆ పూట సంగతే. రాత్రి ఎవరేం వదిలినా తెల్లారేసరికి దిగువకు పోయుంటుంది. సీసం, కాడ్మియం, పాత పురుగుమందులు అలా పోయే రకం కాదు, బురదను పట్టుకుని కూర్చుంటాయి. 1989లో సేద్యానికి నిషేధించిన డీడీటీ దశాబ్దాల తరబడి మట్టిలో ఉండగలదు. మన అభ్యర్థి తిండీ పడకా ఆ బురదలోనే. ప్యూపా అయ్యేలోగా నాలుగు దశలు పెరగాలి. కుబుసం విడిచిన ప్రతిసారీ నోటి పళ్లు కొత్తగా రావాలి. విషం తగిలితే ఒక పన్ను రెండుగా చీలుతుంది, ఇంకోటి అసలు రాదు, వరస వంకరపోతుంది. కెనడా సరస్సుల్లో ఈ వంకర పళ్లను చూసి 1971లోనే రాసిపెట్టారు. ఇంత నిజాయితీగా నోరు తెరిచే ఇన్‌స్పెక్టరు మీకెక్కడ దొరుకుతాడు?

జీవో కావాలంటారేమో. నీటి పురుగులను చూసి నదులను ఐదు తరగతులుగా విడగొట్టే పద్ధతి కేంద్ర మండలి దగ్గర ఎప్పటి నుంచో ఉంది. టీఏ, డీఏ అడగదు. 2022లో చిత్తూరు జిల్లా చీలినా బదిలీ కోరలేదు. ఒక్కటే చిక్కు: నీవా సరిహద్దు దాటి పొన్నై అని పేరు మార్చుకుని పాలారులో కలుస్తుంది. తమిళనాడు వారికీ ఓ కాపీ పంపాలి.

అభ్యర్థిలో లోపం దాచను. మురుగును బాగా ఓర్చుకుంటుంది. కాబట్టి అది బతికి ఉందని నది బాగుందని రాసేయకండి. దోమపిల్లల్ని తినిపెట్టే తూనీగ పిల్లలు, మిగతా సున్నితమైనవి అప్పటికే వెళ్లిపోయి ఉండొచ్చు. చూడాల్సింది పళ్లు.

ఇంటర్వ్యూకు జల్లెడ, గాజు పలక, ఏ కాలేజీ జువాలజీ ల్యాబులోనైనా ఉండే మైక్రోస్కోపు చాలు. వేసవిలో రండి. నీళ్లు తక్కువగా ఉంటాయి, బురద అందుతుంది.

ఇట్లు,
దిగువ గట్టు వాడొకడు