రీస్టార్ట్ అన్న

అమీర్‌పేటలో ఏ బాయ్స్ హాస్టల్‌కి వెళ్లినా ఇలాంటి అన్న ఒకడుంటాడు. కోర్సులన్నీ అయిపోయాయి, ఉద్యోగం ఒక్కటే రావాలి. జూనియర్లకి ఎర్రర్ వస్తే ఆయన దగ్గరికే పరుగు. "లే తమ్ముడూ, నేను చూస్తా" అంటూ ముందు కుర్చీ లాగేసుకుంటాడు.

అన్నీ చూస్తాడు, ఎర్రర్ తప్ప. పైథాన్ అసలు సంగతి చివరి లైన్లో చెబుతుంది. అన్న మొదటి లైన్ దగ్గరే ఆగిపోయి, "ట్రేస్‌బ్యాకా? ఇది సీరియస్" అని తల పంకిస్తాడు.

మొన్నటి కేసు చూడండి. ఇవాళ గది ఎవరు ఊడవాలో చీటీ తీసే ప్రోగ్రామ్, గట్టిగా పది లైన్లుండదు. రాండమ్ మాడ్యూల్‌ని ఇంపోర్ట్ చేసి, అన్నతో కలిపి గదిలో నలుగురి పేర్లూ ఇచ్చి, ఛాయిస్ అని పిలిచాడు కుర్రాడు. రాండమ్‌లో ఛాయిసే లేదంది పైథాన్.

"నిన్న పనిచేసిందా?"

"ఇవాళే రాశానన్నా."

"మరి నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మార్చావ్?"

కుర్రాడు నోరు తెరిచేలోపే రీస్టార్ట్ అయిపోయింది. తర్వాత యాంటీవైరస్ ఆపాడు. విండోస్ అప్‌డేట్‌ని తిట్టాడు. పాత పైథాన్ పీకేసి, హాస్టల్ వైఫైతో కుస్తీపట్టి 3.13 ఎక్కించాడు. అయినా అదే ఎర్రర్. ఇక బ్రహ్మాస్త్రం తీశాడు: ఇంపోర్ట్‌కి ముందు "ఇక్కడ 1", తర్వాత "ఇక్కడ 2" అని ప్రింట్లు పెట్టాడు. రన్ చేస్తే "ఇక్కడ 1" రెండుసార్లు పడింది.

"చూశావా? ర్యామ్ చాలట్లేదు. అందుకే నత్తి కొడుతోంది."

పక్క మంచం మీద మరమరాలు తింటున్నవాడు మెడ చాచి చివరి లైన్ చదివాడు. 2024లో వచ్చిన ఆ 3.13 మందు చీటీ కూడా రాసిచ్చింది: మీ ఫైల్‌కీ స్టాండర్డ్ లైబ్రరీ మాడ్యూల్‌కీ ఒకటే పేరు, మార్చుకోండి అని. కుర్రాడు ఫైల్‌కి పెట్టిన పేరు రాండమ్ డాట్ పీవై. ఇంపోర్ట్ అనగానే పైథాన్ ముందు స్క్రిప్ట్ ఉన్న ఫోల్డర్లోనే వెతుకుతుంది. అక్కడ ఇదే దొరికింది, దీన్నే మళ్లీ మొదట్నుంచి నడిపింది. "ఇక్కడ 1" రెండుసార్లు పడిందంటే పడదూ!

పేరు మార్చారు. చక్కగా నడిచింది.

"నేను కొత్త వెర్షన్ వేశా కాబట్టి సరిపోయింది" అన్నాడు అన్న, కాలర్ సర్దుకుంటూ. అంతలో స్క్రీన్ మీద పడిన పేరు చూశాడు. ఇవాళ ఊడ్చే వంతు ఆయనదే.

"ఎర్రర్ ఇంకా పోలేదు తమ్ముడూ. ఇంకోసారి రీస్టార్ట్ చెయ్."