సి మేజర్‌తో మొదలుపెట్టకండి

కీబోర్డు కొన్నవాళ్లకు అందరూ చెప్పే మాట ఒకటే: నల్ల మెట్ల జోలికి పోకుండా సి నుంచి తెల్ల మెట్లు వరసగా నొక్కు, మేజర్ స్కేల్ వచ్చేస్తుంది. ఆ మాట వినకండి. బి మేజర్ పట్టుకోండి. నల్ల మెట్లు అయిదూ దాంట్లో తగులుతాయని భయపెడతారు. తగలనివ్వండి.

పారిస్‌లో పియానో పాఠాలు చెప్పిన షోపాన్ (1810–1849) శిష్యుల చేత ముందు బి మేజరే సాధన చేయించేవాడు. సి మేజర్ కాగితం మీద చదవడానికి తేలిక, చేతికి మాత్రం కష్టం అని ఆయన అభిప్రాయం. కుడిచెయ్యి పెట్టి చూడండి. పొడుగు వేళ్లు మూడూ ఎత్తుగా ఉన్న నల్ల మెట్ల మీద కుదురుగా ఆనుకుంటాయి, పొట్టి బొటనవేలు బి మీదా ఇ మీదా పడుతుంది. సి మేజర్‌లో అన్నీ ఒకే ఎత్తు. బొటనవేలు ఎక్కడ దూర్చాలో చేతికి ఆనవాలే దొరకదు.

మెట్ల మీద పేర్ల స్టిక్కర్లు అంటించకండి. దూరాలు లెక్కపెట్టండి: రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి. ఇవి మన 29వ మేళకర్త శంకరాభరణం స్వరస్థానాలే. గ–మ మధ్య, ని–పై స మధ్య మాత్రమే ఒక్క మెట్టు దూరం. (అంతమాత్రాన స్కేల్ వాయించి శంకరాభరణం వాయించానని అనకండి. గమకం లేనిదే ఆ రాగం లేదు.) శ్రుతి మారినా సరిగమలు మారవు కదా, కార్డ్‌లనూ అలాగే గుర్తుపెట్టుకోండి. స్వరం విడిచి స్వరం, మూడేసి. స, మ, ప మీద కట్టినవి మేజర్. రి, గ, ద మీదవి మైనర్. ని మీద ఒక్కటే డిమినిష్డ్.

చాలామంది ఒకటి, నాలుగు, అయిదు కార్డ్‌లతో సరిపెట్టుకుని ఈ ఏడోదాన్ని వదిలేస్తారు. మీరు దాన్నే ముందు వాయించండి. బి మేజర్‌లో అది ఎ షార్ప్, సి షార్ప్, ఇ. అంటే ని, రి, మ. ని ఒక్క మెట్టు ఎక్కితే స, మ ఒక్క మెట్టు దిగితే గ. స్కేల్‌లో ఉన్న ఒక్క మెట్టు దూరాలు రెండూ ఈ కార్డ్ గుమ్మంలోనే ఉన్నాయి. అందుకే అది చెవిని నిలవనివ్వదు, స–గ–ప వైపు లాగుతుంది. ఆ లాగుడు ఒకసారి చెవికి పట్టుబడితే మిగతా ఆరు కార్డ్‌లూ ఎటు నడుస్తాయో తేలిగ్గా తెలుస్తుంది.

ఇక ట్రాన్స్‌పోజ్ బటన్. పాడేవాళ్ల శ్రుతి ఏదైనా సి మేజర్ వేళ్లతోనే వాయించి బటన్‌తో గట్టెక్కే అలవాటు ఆర్కెస్ట్రాల్లో, చర్చిల్లో బాగా ఉంది. దయచేసి దాని మీద టేపు వేయండి. బి వచ్చాక ఎఫ్ షార్ప్, ఆ తర్వాత డి ఫ్లాట్ చేయండి, వాటిలోనూ నల్ల మెట్లు అయిదే. సి మేజర్ అన్నిటికన్నా ఆఖరున చూసుకోవచ్చు.